'స్త్రీ'కి ఆరు సంకేతాలు

కంప్యూటర్లో 'స్త్రీ' అని రాసినప్పుడు మన కంటికి కనిపించేది ఒక్క అక్షరం. యంత్రానికి అందేవి మాత్రం ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. గుడిదీర్ఘం 'స' మీదికి ఎక్కాలి, త, ర వత్తులుగా మారి కిందికి, పక్కకి సర్దుకోవాలి. ఈ సర్దుబాటు తెలియని రోజుల్లో, అంటే 2000 ప్రాంతంలో చాలా కంప్యూటర్లలో, 'స్త్రీ' మూడు ముక్కలై కనిపించేది. స పక్కన పొల్లు, త పక్కన పొల్లు, చివర ఒంటరిగా రీ. తెలుగు తెరమీదికి వచ్చిన చరిత్ర గురించి మనవాళ్ళు రాసినప్పుడు ఫాంట్లు తయారుచేసినవాళ్ళ గురించి, కీబోర్డులు కనిపెట్టినవాళ్ళ గురించి రాశారు. ఆ ముక్కలు ఒక్క అక్షరంగా కూడుకున్నాయా లేదా అని కూర్చుని చూసినవాళ్ళ గురించి రాసింది తక్కువ. ఈ వ్యాసం ఆ చూసే పని గురించి.

నేను సాహిత్య విద్యార్థిని. ఖమ్మం నుంచి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్ళలో కోయ స్త్రీల పాటల మీద కొన్నేళ్ళుగా పని చేస్తున్నాను. లినక్స్ జోలికి నేను వెళ్ళింది పాటలు రాసుకోవడానికే. తెలుగు లిపిలో కోయ పాట రాస్తున్నప్పుడు తెరమీద ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపించింది. అలా తెలుసుకుంటూ పోతే, మనం సాహిత్య చరిత్రలో అడిగే ప్రశ్నలే అక్కడా ఎదురయ్యాయి. ఏది సరైన పాఠం? ఎవరు నిర్ణయిస్తారు? ఎవరి పేరు మిగులుతుంది?

లైబ్రరీ అనగానే మనకు పుస్తకాలు గుర్తొస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే పనితనాల మూట. అక్షరాలు కూర్చే పనికి ఇప్పుడు లోకమంతా ఎక్కువగా వాడుతున్న లైబ్రరీ పేరు హార్ఫ్‌బజ్. పారసీకంలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. దీని ప్రధాన రచయిత ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్లు అన్నీ దీనిమీద ఆధారపడ్డవే. చర్లలో ఇంటర్ చదివే అమ్మాయి తన ఫోన్‌లో తెలుగు చదువుతోందంటే ఆ అక్షరాల వెనక ఈ లైబ్రరీయే ఉండి ఉంటుంది.

అయితే లైబ్రరీ రాసినంత మాత్రాన అది మన దగ్గరికి రాదు. దాన్ని ఎవరో ఒకరు ప్యాకేజీగా కట్టాలి. లినక్స్ పంపిణీల్లో పాతదీ పెద్దదీ అయిన డెబియన్‌ను 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తయారుచేసిన తెలుగు పంపిణీకి కూడా ఇదే పునాది. డెబియన్ అనే పేరులో సగం ఒక స్త్రీది. అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి అతను ఆ పేరు పెట్టాడు. పేరులో చోటు దొరికినంత తేలిగ్గా పనిలో చోటు దొరకలేదనేది తర్వాతి కథ.

డెబియన్‌లో ఒక లైబ్రరీకి మెయింటెయినర్‌గా ఉన్నవాళ్ళు చేసే పని ఇలా ఉంటుంది. మూల రచయిత కొత్త ప్రతి విడుదల చేస్తాడు. మెయింటెయినర్ దాన్ని తెచ్చుకుని, ఏ ఇతర లైబ్రరీలు ఉంటే ఇది బతుకుతుందో ఒక ఫైల్లో రాస్తారు. ఏం మారిందో మరో ఫైల్లో, ఎవరి హక్కు, ఏ లైసెన్సు అన్నది ఇంకో ఫైల్లో రాస్తారు. వేరే ఏమీ లేని శుభ్రమైన చోట దాన్ని కట్టి చూస్తారు. లింటియన్ అనే పనిముట్టు తప్పులు ఎత్తి చూపిస్తుంది. అప్పుడది 'అన్‌స్టేబుల్' అనే అంచెలోకి వెళ్తుంది. రకరకాల యంత్రాల మీద కట్టుబడి, కొన్ని రోజులు పెద్ద ఫిర్యాదులు లేకుండా నిలబడి, దానితోపాటు వచ్చే పరీక్షల్లో నెగ్గితే 'టెస్టింగ్' అనే అంచెకు చేరుతుంది. దాదాపు రెండేళ్ళకొకసారి టెస్టింగ్‌ను కదలకుండా ఆపి, మిగిలిన లోపాలు సరిచేసి 'స్టేబుల్'గా విడుదల చేస్తారు.

మామూలు ప్రోగ్రాముకు లేని బాధ్యత లైబ్రరీకి ఒకటుంది. దానిమీద వందల ప్రోగ్రాములు ఆధారపడి ఉంటాయి. అందుకే లైబ్రరీ ప్యాకేజీ పేరు చివర ఒక అంకె ఉంటుంది. అక్షరాల ఆకారాలు గీసే లైబ్రరీ డెబియన్‌లో 'లిబ్‌ఫ్రీటైప్6'. ఆ 6 ఒక మాట లాంటిది. ఈ అంకె ఉన్నంతకాలం నన్ను నమ్ముకున్నవాళ్ళకు నేనిచ్చిన మాట తప్పను అని. మాట మారితే అంకె మారాలి, దానిమీద ఆధారపడ్డవాటినన్నిటినీ మళ్ళీ కట్టాలి. ఇదంతా ఎవరికీ కనిపించదు. సరిగ్గా జరిగినన్నాళ్ళూ ఏమీ జరగనట్టే ఉంటుంది. ఖమ్మం మిర్చి సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. కల్లాల్లో తాలు కాయలు ఏరేది, తొడిమలు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ధర పలికింది పంటకు అంటారు, ఏరినచేతుల మాట రాదు.

టెస్టింగ్ అంటే ఏమిటో సాహిత్యం చదువుకున్న మనకు నిజానికి బాగా తెలుసు. బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అచ్చు ప్రతిని వ్రాతప్రతితో పోల్చి చూసింది. కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని, కవయిత్రి తన గురించి, తన వాళ్ళ గురించి చెప్పుకున్న అవతారికే లేదని కనిపెట్టింది. 1910లో పూర్తి పాఠాన్ని తన పరిష్కరణలో ప్రచురించింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, ఆ నిషేధం తొలగింది 1947లో. పాత ప్రతిని, కొత్త ప్రతిని పక్కపక్కన పెట్టి ఏది జారిపోయిందని వెతకడమే సాఫ్ట్‌వేర్‌లోనూ టెస్టింగ్‌లో ముఖ్యమైన భాగం. ఆ పోలికలో బయటపడేది అచ్చుతప్పే కానక్కర్లేదు. ఎవరు లేకుండా పోయారన్నది కూడా బయటపడుతుంది.

హార్ఫ్‌బజ్‌లో భారతీయ లిపుల భాగాన్ని 2012 ప్రాంతంలో కొత్తగా రాసినప్పుడు ఎస్ఫహ్‌బోద్ అనుసరించిన పద్ధతి ఇలాంటిదే. ఒక్కో భాష వికీపీడియా నుంచి మాటలన్నీ తీసుకుని, అవి తన లైబ్రరీలో ఎలా కూర్చబడుతున్నాయో, విండోస్‌లోని యూనిస్క్రైబ్‌లో ఎలా కూర్చబడుతున్నాయో ఒక్కొక్కటీ పోల్చాడు. తెలుగుకు సుమారు 9,70,000 మాటలు. వాటిలో తేడా వచ్చినవి చివరికి 20కి లోపే. ఆ ప్రయత్నాన్ని తక్కువ చేయడానికి లేదు. తెలుగు తెలియని ఒక మనిషి తెలుగు అక్షరం చెదరకూడదని అంత ఓపిక పట్టాడు. ఆ ఓపికకు ఆధారం 2003 చివర్లో మొదలైన తెలుగు వికీపీడియాలో పైసా తీసుకోకుండా రాసినవాళ్ళు. తాము ఒక లైబ్రరీకి పరీక్షాపత్రం రాస్తున్నామని వాళ్ళలో ఎవరికీ తెలియదు.

తగినన్ని మాటలు ముందుగా పరీక్షించకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరసలో, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో వస్తే ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కూలిపోయేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. వార్తల్లో చాలాచోట్ల 'ఫోన్‌ను చంపే తెలుగు అక్షరం' తరహా శీర్షికలు వచ్చాయి. తప్పు అక్షరానిది కాదు, దాన్ని ముందుగా పరీక్షించని లైబ్రరీది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రానికి అపాయమన్న ప్రచారంలో, మనదైనది కాబట్టి అదే వింత అనే ధోరణి స్పష్టంగా కనిపించింది. లోపాన్ని అవతలివాళ్ళ ఒంటికి అంటగట్టడం స్త్రీలకు తెలియని సంగతేం కాదు.

ఇంతవరకూ తెలుగు. మరి తెలుగు లిపిలోనే రాసే కోయ సంగతి?

భద్రాచలం ప్రాంతం ఎవరి పాలన కింద ఉండాలన్నది ఎప్పుడూ బయటివాళ్ళే తేల్చారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మధ్యపరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో భద్రాచలాన్ని తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. కోయ మాట్లాడేవాళ్ళు 2011 జనగణన ప్రకారం నాలుగు లక్షల పైచిలుకు. ఈ గీతలకు అటూ ఇటూ ఉన్నారు. ఫలితంగా ఒకే భాషను మన వైపు తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియాలో, ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో రాస్తున్నారు. అక్కాచెల్లెళ్ళు రెండు రాష్ట్రాల్లో కాపురానికి వెళ్తే ఒకే పాటను రెండు లిపుల్లో రాసుకోవాల్సి వస్తుంది. యంత్రం దృష్టిలో అవి వేరువేరు నియమాలకు లోబడే రెండు రాతలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది భాషల్లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కోయ ఒకటి. తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. అంటే పిల్లలు చదువుకునే కోయ అచ్చు రూపంలో ఉంది. కానీ 2012 నాటి పరీక్షకు మాటలు వచ్చింది వికీపీడియాల నుంచి. కోయకు వికీపీడియా లేదు కాబట్టి కోయ మాట దగ్గర లైబ్రరీ నెగ్గిందో ఓడిందో లెక్కలో లేదు. అక్షరాలు తెలుగువే కాబట్టి ఎక్కువ మాటలు బాగానే కనిపిస్తాయి. ఇబ్బంది వచ్చేది అంచుల్లో.

ఒక ఉదాహరణ. రేల పాటలో ఒక అచ్చును చాలాసేపు సాగదీస్తారు. ఆ సాగదీతను చూపించడానికి 'రేలా' తర్వాత చుక్కలు పెట్టి, ఆ తర్వాత ఒంటరిగా ఒక దీర్ఘం గుర్తు పెట్టి చూశాను. తెరమీద ఆ దీర్ఘం పక్కన ఒక చుక్కల వలయం వచ్చింది. హల్లు లేకుండా గుణింతపు గుర్తు రాకూడదని లైబ్రరీ నియమం. వస్తే 'ఇక్కడొక అక్షరం ఉండాలి, లేదు' అని ఆ వలయాన్ని గీస్తుంది. ఆ నియమం అర్థంలేనిది కాదు. టైపు చేసేవాళ్ళ పొరపాట్లు దానివల్లే కంటికి కనిపిస్తాయి. కానీ పాడే గొంతుకు ఆ నియమం వర్తించదు. అక్కడ అక్షరం ఎప్పుడో వెళ్ళిపోయి ఊపిరి మాత్రమే మిగిలి ఉంటుంది. నియమాన్ని మార్చాలా, పాటను రాసే పద్ధతిని మార్చాలా? ఇది ఇంజనీరు తేల్చే ప్రశ్న కాదు, నేను తేల్చేదీ కాదు. ఆ భాషలో చదివి రాసేవాళ్ళు తేల్చాలి.

నియమాలు మారవని కాదు. యూనికోడ్‌లో 1991 నుంచి తెలుగు ఉన్నా, మనవాళ్ళ నోట రోజూ వినిపించే దంత్య చ, జలకు ఉన్న ౘ, ౙ అక్షరాలు చేరింది 2008లో. శాసనాల్లో కనిపించే ఴ 2014లో చేరింది. పరభాషల ధ్వనులు చూపడానికి అక్షరం కింద పెట్టే నుక్తా తెలుగుకు 2021లో వచ్చింది. ప్రతిసారీ ఎవరో ఆధారాలు పోగుచేసి అర్జీ పెట్టారు, ఆ తర్వాత లైబ్రరీలు, ఫాంట్లు మారాయి. అర్జీ పెట్టే తీరిక ఎవరికుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ మళ్ళీ దుమ్ముగూడెం దగ్గరికి రావాలి. గోదావరి మీద పడవ ప్రయాణం కోసం 19వ శతాబ్దంలో ఆనకట్ట పనులు జరిగిన ఊరు అది. కోయల మధ్య క్రైస్తవ మిషన్ అక్కడే వెలిసింది. ఆ మిషన్‌లో ఉన్న జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో వ్యాసాలు రాశాడు. మిషన్ స్త్రీలు అక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. దుమ్ముగూడెం లేసుకు పేరు కూడా వచ్చింది. కెయిన్ వ్యాసాల కింద అతని పేరుంది. లేసు కింద ఊరి పేరే ఉంది, అల్లిన వేళ్ళ పేర్లు లేవు.

నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ పుస్తకం వచ్చింది 1982లో. రోజుకు ఆరేడు గంటలు ఎగుమతి సరుకు అల్లుతున్న స్త్రీలను 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' అని, వాళ్ళ పనిని 'తీరిక వేళ కాలక్షేపం' అని పిలవడం వల్లే ఆ శ్రమ అంత చవగ్గా దొరికిందని ఆమె చూపించింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చదువుతున్నప్పుడు నాకు ఆ పుస్తకమే గుర్తొస్తూ వచ్చింది. ఇక్కడా 'తీరిక వేళ ఇష్టంగా చేసే పని' అనే మాట వినిపిస్తుంది. కాకపోతే అర్థం తలకిందులైంది. లేసు విషయంలో తీరిక అనే మాట స్త్రీల పనిని దాచింది. ఇక్కడ అదే మాట స్త్రీలను బయట ఉంచింది. ఉద్యోగం అయ్యాక రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చోగలిగే తీరిక ఏ ఇంట్లో ఎవరికుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2006లో యూరోపియన్ యూనియన్ సహాయంతో జరిగిన ఫ్లాస్‌పోల్స్ అధ్యయనం ప్రకారం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహాల్లో స్త్రీలు 1.5 శాతం. అదే కాలంలో జీతానికి చేసే సాఫ్ట్‌వేర్ రంగంలో 28 శాతం. తలుపులు తెరిచే ఉన్నాయని చెప్పే చోట, జీతమిచ్చే చోట కంటే స్త్రీలు ఇంత తక్కువ ఎందుకున్నారన్న ప్రశ్న నుంచే 2004లో డెబియన్ విమెన్ అనే బృందం పుట్టింది. ప్యాకేజీ కట్టడం నేర్పడం, వెక్కిరించకుండా జవాబు చెప్పడం ఆ బృందం పనులు. వినడానికి చిన్నవే. కానీ మనలో ఎంతమంది మొదటి రచన అలాంటి చిన్న పనుల వల్ల బయటికొచ్చిందో మనకు తెలుసు.

తెలుగు ఫాంట్ల వరస చూసినా ఈ లేమి కనిపిస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచారి తయారుచేసి అందరికీ విడుదల చేసిన ఫాంట్లు పోతన, వేమన. డెబియన్‌లో అవి ఒక ప్యాకేజీగా దొరుకుతాయి. తర్వాత సిలికానాంధ్ర ద్వారా వచ్చినవాటిలో గిడుగు, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, సురవరం ఉన్నారు. ఆ వరసలో మొల్ల లేదు. ఫాంటుకు పేరు పెట్టడం చిన్న విషయమే కావచ్చు, ఆ పేరు తట్టకపోవడం చిన్న విషయం కాదు.

మళ్ళీ ప్యాకేజీలోని మూడో ఫైలు దగ్గరికి వస్తాను. డెబియన్ ప్యాకేజీలో 'కాపీరైట్' అనే ఫైలు తప్పనిసరి. లోపల ఉన్న ప్రతిదాని మీదా ఎవరి హక్కు, ఏ షరతు మీద ఇచ్చారు అన్నది అందులో రాయాలి. అది సరిగా లేకపోతే ప్యాకేజీని లోపలికి రానివ్వరు. కోయ మాటల జాబితా ఒకటి పరీక్షల కోసం తయారుచేద్దామనుకున్నప్పుడు నన్ను ఆపింది ఈ ఫైలే. అక్కడ ఎవరి పేరు రాయాలి? పాడింది వాళ్ళు, రాసుకుంది నేను. మన దేశంలో 1994 చట్ట సవరణ నుంచి పాడేవాళ్ళకు ప్రదర్శకుల హక్కు ఉంది. పరిశోధకుల పుస్తకాల్లో మాత్రం వాళ్ళు ఇప్పటికీ ఎక్కువగా 'ఆధార వక్తలు'గానే మిగులుతున్నారు.

ఈ సంగతి నేను పాటలు విన్న ఊళ్ళో ఒక పెద్దామెతో చెప్పాను. పాట ఆ పెట్టెలోకి ఎక్కాక తమని అడక్కుండా ఎవరైనా తీసుకుపోవచ్చా అని అడిగింది. పోవచ్చు అని చెప్పాల్సి వచ్చింది. డెబియన్ 1997లో రాసుకున్న మార్గదర్శకాల ప్రకారం, లోపలికి వచ్చిన దేన్నైనా ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. స్వేచ్ఛ అని మనం మెచ్చుకునేది దాన్నే. అడవి హక్కుల కోసం తరాలుగా కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్ళకు 'ఎవరైనా తీసుకోవచ్చు' అనే మాట అంత అందంగా వినిపించదు. కొన్ని పాటలు పండుం నాడే పాడతామని, మిగతా రోజుల్లో తామే పాడుకోమని ఆమె గుర్తుచేసింది.

ఆలోచించగా నాకు తోచింది ఇది. అక్షరాల లైబ్రరీ పరీక్షకు పాట అక్కర్లేదు, మాటలు చాలు. వరస చెదిరిన మాటల జాబితా నుంచి ఎవరూ పాటను తిరిగి కట్టలేరు. వికీపీడియా నుంచి తీసుకున్న ఆ 9,70,000 తెలుగు మాటలూ అలా విడివిడిగా పరీక్షించినవే. కాబట్టి మాటలు ఇవ్వొచ్చు, పాట తమ దగ్గరే ఉంచుకోవచ్చు. ఏ మాటలు ఇవ్వాలో, ఏ రాత సరైనదో కోయ ఉపాధ్యాయులు, పాడే స్త్రీలు కూర్చుని తేల్చాలి. అలా కూర్చున్న రోజుకు కూలి ఇవ్వాలి, ఎందుకంటే ఆ రోజు ఆకు కోతకో ఇప్పపూవుకో వెళ్ళకుండా మానుకున్న రోజు. కాపీరైట్ ఫైల్లో వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లు, ఒద్దంటే వాళ్ళు చెప్పిన పేరు ఉండాలి. సేకరించినవాళ్ళ పేరు ఆ తర్వాత.

ఇందులో మనలాంటివాళ్ళు చేయగలిగింది చాలా ఉంది. పాఠాంతరాలు పోల్చడం, ప్రూఫులు దిద్దడం, ఒక మాట ఎక్కడ ఎలా పలుకుతారో నమోదు చేయడం మన చదువు మనకు నేర్పిన పనులే. బగ్ రిపోర్టు రాయడానికి కావలసింది ప్రోగ్రామింగ్ కాదు. ఏం రాశాను, ఏం కనిపించాలి, ఏం కనిపించింది అనే మూడు వాక్యాలు స్పష్టంగా రాయగలిగితే చాలు. హార్ఫ్‌బజ్ మూలంలో తెలుగు పరీక్షలకు ఒక అర కేటాయించి ఉంది. అందులోని మాటలు మామూలు పాఠంలాగే ఉంటాయి, తెరిచి చదవొచ్చు. ఆ అరలో ఏ మాటలున్నాయో, ఎవరి మాటలు లేవో చూడటంతో పని మొదలవుతుంది.